బోర్డు మారితే కంప్యూటర్ పరాయిదైపోతుందా?

పెళ్ళయిన కొత్తలో చేతిలో సర్టిఫికెట్లు, పెళ్ళి ఫోటో, రేషన్ కార్డు జిరాక్సు పట్టుకుని బ్యాంకు కౌంటరు ముందు నిలబడి, "ఆ ఇంటిపేరున్న అమ్మాయినీ నేనే, ఈ ఇంటిపేరున్న కోడలినీ నేనే" అని చెప్పుకున్నవాళ్ళం మనలో చాలామందిమే ఉంటాం. మనిషి మారలేదు, ముఖం మారలేదు, సంతకం కూడా మారలేదు. మారింది ఒక్క మాట. దానికే మనం మనమేనని రుజువు చేసుకోవాలి.

కంప్యూటర్లకీ ఇవే పాట్లున్నాయని ఈమధ్యే తెలిసింది. లోపల ఒక భాగం పాడై కొత్తది వేయిస్తే, నిన్నటిదాకా బుద్ధిగా పనిచేసిన విండోస్ ఇవాళ "నువ్వెవరు?" అంటుంది. స్క్రీను కుడివైపు అడుగున "యాక్టివేట్ విండోస్" అని బూడిదరంగు అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. ఏ ఫైలు తెరిచినా, ఏ ఫోటో చూసినా ఆ మూల అవి అలాగే ఉంటాయి.

"ఇవన్నీ మనకెందుకండీ, మావారు చూసుకుంటారు, లేకపోతే మా అబ్బాయి చూసుకుంటాడు" అని మీలో కొందరు ఈపాటికే అనుకుంటూ ఉంటారు. నేను మాత్రం అలా అనుకోను. గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరున ఉంది, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, బంగారం రశీదులు ఏ పెట్టెలో ఉన్నాయి అన్నవి మనకి తెలుసు కదా. కంప్యూటర్ లైసెన్సు కూడా సరిగ్గా అలాంటి ఇంటి కాగితమే. అది ఎవరి పేరున ఉందో ఇంటి ఇల్లాలికి తెలిసి ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎందుకో వివరంగా చెబుతాను.

మా తోడికోడలు గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్నంలో ఉంటుంది. ఇంటి ముందు గదిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకుని బ్లౌజుల మీద వర్కు చేస్తుంది. మగ్గం వర్కు చేత్తో చేసేది. ఇదేమో డిజైనుని కంప్యూటర్‌లో తయారుచేసి మిషన్‌కి ఎక్కించేది. శ్రావణమాసం వచ్చిందంటే ఆమెకి కుదురుగా కూర్చుని అన్నం తినే తీరిక ఉండదు. కిందటేడు ఆషాఢం చివర్లో ఒక రాత్రి ఉరుములు, మెరుపులు. కరెంటు పోవడం, రావడం, మళ్ళీ పోవడం. తెల్లారి లేచి చూస్తే కంప్యూటర్ ఆన్ కాలేదు.

షాపుకి తీసుకెళ్తే "మదర్‌బోర్డు పోయింది మేడం. ఈ మోడలు ఇప్పుడు రావడం లేదు. బోర్డూ, ప్రాసెసరూ రెండూ మార్చాలి" అన్నారు. మార్చారు. హార్డ్ డిస్కు పాతదే కాబట్టి డిజైన్లన్నీ భద్రంగా ఉన్నాయి. అమ్మయ్య అనుకుంది. ఇంటికి తెచ్చి ఇంటర్నెట్ తగిలించాక చూస్తే, మూలన ఆ బూడిదరంగు అక్షరాలు. ఫోన్ చేసి అడిగింది. "కొత్త బోర్డు కదా మేడం, విండోస్ మళ్ళీ కొనాలి. లేకపోతే నాలుగు రోజుల్లో ఆగిపోతుంది. అంత డబ్బు ఎందుకులే అనుకుంటే ఒక ఐదొందలివ్వండి, నేనే ఎలాగోలా చేసిపెడతాను" అన్నాడట ఆ అబ్బాయి.

ఆమె నాకు ఫోన్ చేసింది. "అక్కా, కొన్నప్పుడే ఒరిజినల్ విండోస్ అని చెప్పి దానికి విడిగా డబ్బు తీసుకున్నారు కదా. పోయింది బోర్డు. విండోస్ ఎందుకు మళ్ళీ కొనాలి?"

నేను చదివింది బీఏ తెలుగు. కంప్యూటర్ లోపల ఏముంటుందో నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. కానీ న్యాయమైన ప్రశ్న ఏదో పోల్చుకోవడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. ఆ ప్రశ్నకి జవాబు కోసం కూర్చుని చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. నాకు అర్థమైనంతవరకూ సంగతి ఇది.

ఈ యాక్టివేషన్ అన్నది నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఒకప్పుడు ఒక్క సీడీ ఉంటే వీధిలో అందరి కంప్యూటర్లలోనూ అదే వేసుకునేవారు. 2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ దానికి అడ్డుకట్ట వేసింది. 30 రోజుల్లోగా ఇంటర్నెట్‌లోనో ఫోన్‌లోనో యాక్టివేట్ చేసుకోవాలి, లేకపోతే లోపలికే రానివ్వదు. యాక్టివేట్ చేసేటప్పుడు అది కంప్యూటర్‌లోని భాగాల వివరాలు కలిపి ఒక గుర్తు తయారుచేసుకుంటుంది. మన వేలిముద్ర లాంటిదనుకోండి. ఆ వేలిముద్రకీ మన లైసెన్సుకీ ముడి వేసేస్తుంది. 2015లో విండోస్ 10 వచ్చాక ఇది డిజిటల్ లైసెన్సు అయింది. 25 అక్షరాల కీ టైపు చేసే పని చాలామందికి తప్పింది. ఆ ముడి కంపెనీ సర్వర్లలోనే ఉంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి రిపేరు చేయిస్తే ఏమవుతుంది?

ర్యామ్ పెంచితే సాధారణంగా ఏమీ కాదు. పాత హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించినా ఏమీ కాదు. అంతకుముందు ఉన్న రకమే, అంటే హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో వేసి, కీ అడిగినప్పుడు "లేదు" అని దాటేసి, తర్వాత ఇంటర్నెట్ తగిలిస్తే అదే గుర్తుపట్టి యాక్టివేట్ అయిపోతుంది. అందుకని ఎస్‌ఎస్‌డీ వేయించినప్పుడు "విండోస్ లైసెన్సుకి వేరే డబ్బు" అని ఎవరైనా అంటే నిలబడి అడగండి. వేసినందుకు కూలి ఇవ్వడం న్యాయం. మనకి ఉన్న లైసెన్సునే మళ్ళీ మనకి అమ్మడం ఏం న్యాయం?

మదర్‌బోర్డు దగ్గరకి వచ్చేసరికి మాత్రం లెక్క మారిపోతుంది. బోర్డు మారితే కంప్యూటరే మారినట్టు. పాత వేలిముద్ర చెల్లదు. మిగతావన్నీ పాతవే ఉన్నా విండోస్ కళ్ళకి అది కొత్త కంప్యూటర్.

ఇది నాకు మింగుడుపడలేదండీ. మా మిక్సీకి రెండుసార్లు మోటారు మార్పించాం. జార్లు మార్చాం, బ్లేడ్లు లెక్కలేనన్ని మార్చాం. అది మా మిక్సీ కాదని ఎవరూ అనలేదు. మా అత్తగారి కుట్టుమిషన్‌కి కింద స్టాండు తీసి మోటారు పెట్టించాం. ఇప్పటికీ అది అత్తగారి మిషనే. ఇంట్లో వస్తువు మనది అనడానికి దాని లోపలి ఏదో ఒక్క భాగం లెక్క కాదు. మనం డబ్బు పెట్టి కొన్నాం, మన ఇంట్లో ఉంది, మన పని చేస్తోంది. అదీ లెక్క.

అయితే కంపెనీవాళ్ళ లెక్క ఎలా ఉందో కూడా చెప్పాలి. విండోస్ లైసెన్సులు ప్రధానంగా రెండు రకాలుగా మన ఇళ్ళకి వస్తాయి. ఒకటి ఓఈఎమ్. కంప్యూటర్‌తో పాటే వచ్చేది. అది ఆ కంప్యూటర్‌తోనే పుట్టి ఆ కంప్యూటర్‌తోనే పోతుంది. ఇంకోదానికి మార్చుకోవడానికి వీల్లేదు. రెండోది రీటెయిల్. విడిగా కొనుక్కునేది. పాత కంప్యూటర్‌లో తీసేసి కొత్తదాంట్లో పెట్టుకోవచ్చు. మొదటిది ఇంటికి బిగించిన తలుపు లాంటిది. ఇల్లు మారితే పట్టుకెళ్ళలేం. రెండోది బీరువా లాంటిది. ఏ ఇంటికైనా మోసుకెళ్ళొచ్చు.

కంపెనీ ల్యాప్‌టాప్‌లలో ఉండేది మొదటి రకమే. పూర్వం ల్యాప్‌టాప్ అడుగున కీ రాసిన స్టిక్కరు ఉండేది, గుర్తుందా? విండోస్ 8 కాలం నుంచి ఆ కీని మదర్‌బోర్డులోనే దాచేస్తున్నారు. స్టిక్కరు చెరిగిపోయే బాధ తప్పింది, నిజమే. కానీ బోర్డు పోతే కీ కూడా దానితో పాటే పోతుంది. ఆ కంపెనీ సర్వీసు సెంటరులో బోర్డు మార్పిస్తే లైసెన్సు సంగతి కూడా వాళ్ళే చూడాలి. బయట ఎక్కడో సెకండ్‌హ్యాండ్ బోర్డు వేయిస్తే దాంట్లో ఎవరి కీ ఉందో, అసలు ఉందో లేదో!

ఇంకో చిత్రం వినండి. ఓఈఎమ్ లైసెన్సు మీద మైక్రోసాఫ్ట్ నియమం ఏమిటంటే, బోర్డు పాడైపోయి అదే మోడలు బోర్డు గానీ, తయారుచేసిన కంపెనీ దానికి సమానమని ఇచ్చిన బోర్డు గానీ వేస్తే పాత లైసెన్సు చెల్లుతుంది. పాడవకపోయినా ఇంకా మంచి బోర్డు కావాలని మారిస్తే అది కొత్త కంప్యూటర్ కింద లెక్క, కొత్త లైసెన్సు కొనాలి. అంటే జబ్బుచేసి మార్చుకుంటే పాతమనిషే, బాగుపడదామని మార్చుకుంటే కొత్తమనిషి. కనీసం ఈ తేడా అయినా మనకి ఎవరైనా చెబుతున్నారా? "పాత మోడలు దొరకడం లేదు" అని వేరేది వేసినప్పుడు, అది ఏ లెక్కలోకి వస్తుందో వేసేముందు చెప్పాలి కదా?

మా తోడికోడలి దగ్గర ఉన్న బిల్లు తీసి చూశాం. "కంప్యూటర్ సెట్ - 1" అని రాసి, కింద మొత్తం వేశారు. విండోస్ ఏ రకమో లేదు, దానికి ఎంత తీసుకున్నారో లేదు. తనది తలుపో, బీరువానో తెలుసుకునే దారే లేదు. నా కోపం ఇక్కడ. కంపెనీ తన నియమం తను పెట్టుకుంది, ఇష్టమైతే కొంటాం, లేదంటే మానేస్తాం. కానీ కొనేది ఏమిటో చెప్పకుండా అమ్మడం, పోయేది ఏమిటో చెప్పకుండా రిపేరు చేయడం ఏ రకం వ్యాపారం? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆమె పని.

ఇక "నాలుగు రోజుల్లో ఆగిపోతుంది" అన్న మాట చూద్దాం. ఎక్స్‌పీ కాలంలో అలాంటి భయం ఉండేది. విండోస్ 10, 11లలో అలా ఆగిపోదు. ఆ అక్షరాలు అలాగే ఉంటాయి. వాల్‌పేపరు, రంగులు లాంటివి సెట్టింగ్స్‌లో మార్చుకోనివ్వదు. కానీ ఫైళ్ళు తెరుచుకుంటాయి, ప్రోగ్రాములు నడుస్తాయి, సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఏళ్ళ తరబడి అలాగే వాడుకోమని నేననడం లేదు, అది పద్ధతి కాదు. కానీ చేతిలో పెళ్ళి ఆర్డర్లు పెట్టుకున్న ఆడమనిషిని భయపెట్టి ఆ పూటే డబ్బు గుంజడానికి ఆ అబద్ధం ఆడనక్కర్లేదు. ఆమె ఆ నాలుగు రోజులూ కాదు, శ్రావణమాసం మొత్తం ఆ అక్షరాలతోనే పని చేసుకుంది. ఒక్క బ్లౌజు కూడా ఆగలేదు.

ఇక్కడే నాకు ఒక విషయం భలే నచ్చింది. ఆమె వాడే ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్‌కి పెన్‌డ్రైవ్ లాంటి చిన్న డాంగిల్ ఒకటి ఉంటుంది. అది గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. బోర్డు మారిన తర్వాత కూడా గుచ్చగానే "రా తల్లీ" అన్నట్టు తెరుచుకుంది. అదీ ఖరీదైన సాఫ్ట్‌వేరే, వాళ్ళకీ దొంగకాపీల భయం ఉంది. అయినా తాళంచెవి కొన్నవాళ్ళ చేతికిచ్చారు. డాంగిల్ పోగొట్టుకుంటే తిప్పలే, కాదనను. కానీ పోగొట్టుకోకుండా దాచుకోవడం మన చేతిలో ఉంటుంది. తాళంచెవిని గోడలో పెట్టి సిమెంటు పూసేస్తే, గోడ కూలిన రోజున మనం చేయగలిగింది ఏముంది?

ఆ ఐదొందల రూపాయల "ఎలాగోలా" గురించి కూడా చెప్పాలి. వీటిని యాక్టివేటర్లు అంటారు, క్రాక్ అంటారు. పెద్ద ఆఫీసుల్లో వందల కంప్యూటర్లకి ఒక్కచోటి నుంచి యాక్టివేషన్ ఇచ్చే పద్ధతి ఒకటుంది. దాన్ని అనుకరించి విండోస్‌ని మోసపుచ్చే ప్రోగ్రాములు వీటిలో చాలా ఉన్నాయి. అవి వేసేముందు ఏం చేస్తారో చూడండి. మొదట యాంటీవైరస్ ఆపేస్తారు. వీధి తలుపు తీసి పెట్టి, కాపలావాణ్ణి ఇంటికి పంపేసి, ముక్కూమొహం తెలియని మనిషిని లోపలికి రమ్మన్నట్టు. ఆ ప్రోగ్రాముతో పాటు ఇంకేం వచ్చిందో మనకి తెలియదు. పాస్‌వర్డులు దొంగిలించే వైరస్‌లు ఇలాగే వస్తుంటాయి. అదే కంప్యూటర్‌లో మనం బ్యాంకు పని చేస్తాం, పిల్లల పరీక్షల ఫీజులు కడతాం, ఆధార్ కాపీలు దాచుకుంటాం. ఐదొందలు మిగిలాయని సంతోషిస్తే ఎలా? ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకి దొరికే కీల సంగతీ దాదాపు అంతే. చాలావరకు ఏదో సంస్థ కోసం ఇచ్చినవి చేతులు మారి వచ్చినవి. ఇవాళ పనిచేస్తాయి, రేపు కంపెనీ ఆపేస్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

మరి న్యాయమైన దారి ఉందా అంటే, ఉంది. 2016లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి డిజిటల్ లైసెన్సుని మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ముడివేసుకోవచ్చు. బోర్డు పోకముందే ఆ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే ఆ ముడి ఉంటుంది. తర్వాత బోర్డు మారిస్తే, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర ట్రబుల్‌షూట్ అని ఉంటుంది. అది నొక్కి, "ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను" అన్న అర్థం వచ్చే మాట ఎంచుకుని, అదే అకౌంట్‌తో లాగిన్ అయితే మన పాత కంప్యూటర్ల జాబితా చూపిస్తుంది. మనది ఏదో చూపించి యాక్టివేట్ నొక్కాలి. అన్ని లైసెన్సులకీ కుదరదు, ఎన్నిసార్లైనా కుదరదు. రకం మారినా, అంటే హోమ్ బదులు ప్రో వేసినా ఒప్పుకోదు. అయినా ఒక దారి ఉంది. మా తోడికోడలి కంప్యూటర్‌కి ఆ అకౌంటే పెట్టలేదు షాపువాళ్ళు. అందుకే ఆమెకి ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఇక్కడే మన ఆడవాళ్ళం ఆలోచించాల్సిన మాట ఉంది. అకౌంట్ ఉంది సరే, ఎవరి పేరున ఉంది?

కొన్ని ఇళ్ళలో షాపు కుర్రాడే తన ఈమెయిల్‌తో లాగిన్ చేసి ఇచ్చేస్తాడు. ఆ లైసెన్సు ముడి అతని పేరున పడుతుంది. కొన్ని ఇళ్ళలో భర్త ఆఫీసు మెయిలు. ఆ ఉద్యోగం మారితే ఆ మెయిలూ పోతుంది. ఇంకా ఎక్కువగా కనిపించేది, అబ్బాయి ఇంజినీరింగ్ చదివే రోజుల్లో పెట్టిన మెయిలు. ఇప్పుడు అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. ఓటీపీ వాడి ఫోనుకి వెళ్తుంది. ఇక్కడ మనకి పొద్దున పదకొండు గంటలు, అక్కడ వాడికి అర్ధరాత్రి. పాపం లేపాలా వద్దా అని తల్లి అక్కడే ఆగిపోతుంది. ఆ కంప్యూటర్‌ని రోజూ వాడేది ఆవిడ, కరెంటు బిల్లు కట్టేది ఆవిడ, తాళం మాత్రం సముద్రాలవతల ఉంది. ఇది సరైన పద్ధతి కాదండీ. కంప్యూటర్ ఎవరు వాడుతున్నారో, ఏ ఇంట్లో ఉందో, అకౌంట్ ఆ ఇంటి మనిషి పేరున, ఆ ఇంటి ఫోన్ నంబరు మీద ఉండాలి.

లైసెన్సు పోతే డబ్బుతో పోయింది అనుకోవచ్చు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఈమధ్య వస్తున్న చాలా ల్యాప్‌టాప్‌లలో మనం అడగకుండానే డిస్కు మొత్తానికి తాళం పడుతోంది. బిట్‌లాకర్ అనో, డివైస్ ఎన్‌క్రిప్షన్ అనో అంటారు. దొంగ ఎత్తుకుపోయినా మన ఫైళ్ళు చదవలేడు, అందుకు మంచిదే. కానీ మదర్‌బోర్డు మార్చగానే అది మనల్నే దొంగ అనుకుంటుంది. 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది. ఆ అకౌంట్ ఎవరిదో తెలియకపోతే, పాస్‌వర్డు మర్చిపోతే, పిల్లల చిన్నప్పటి ఫోటోలన్నీ కళ్ళముందే ఉండి కూడా అందవు. ఏ షాపువాడూ తెరవలేడు. అందుకే ల్యాప్‌టాప్ పనిచేస్తున్నప్పుడే ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి దాచుకోండి. ఫోటోలు ఇంకొక డిస్కులో కూడా పెట్టుకోండి.

కంపెనీ తరఫు మాట కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఒక లైసెన్సు కొని పది కంప్యూటర్లలో వేసుకునేవాళ్ళున్నారు కాబట్టే ఈ తాళాలు వచ్చాయి. ఎవరి కష్టానికి వాళ్ళకి ప్రతిఫలం దక్కాలి. మా తోడికోడలు డిజైన్లని ఎవరైనా ఫోటో తీసి అమ్ముకుంటే ఆమెకి కోపం రాదా? వస్తుంది. కాబట్టి తాళమే వద్దని నేననను. పాడైన వస్తువుని బాగుచేయించుకున్న మనిషినీ, దొంగకాపీ వేసుకున్న మనిషినీ ఒకే గాటన కట్టొద్దు అంటున్నాను. ఒక్క కంప్యూటరే ఉన్నవాళ్ళకి, ఆ ఒక్కటీ రిపేరై వస్తే, లైసెన్సు దాని వెంట రావాలి. ఓఈఎమ్ అయినా, రీటెయిల్ అయినా.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. ఎలక్ట్రానిక్ వస్తువులు కూడా అందులో ఉన్నాయి. రిపేరు చేయించుకునే హక్కు అంటే విడిభాగాలు దొరకడం ఒక్కటే కాదు, రిపేరయ్యాక వస్తువు మునుపటిలా మన మాట వినడం కూడా అని నా వాదన. సాఫ్ట్‌వేర్ లైసెన్సుని కూడా ఆ హక్కులో కలిపి చూడాలి. ఇక బిల్లు సంగతికొస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువు అమ్మి గానీ, సేవ చేసి గానీ బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. మొహమాటపడకుండా అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక షాపువాడు పెడతాడా?

ఇవన్నీ ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసిపోయింది. విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లని ఒప్పుకోదు. దాంతో ఇళ్ళలో "బోర్డు మార్చేద్దాం" అన్న మాట ఎక్కువగా వినిపిస్తోంది. మార్చేముందే ఆలోచించుకోండి. ఉత్తరాలు రాసుకోవడం, ఇంటర్నెట్ చూడటం, పిల్లల క్లాసులు, ఇంతవరకే అయితే ఉబుంటు లాంటి లినక్స్ రకాలు డబ్బు లేకుండా దొరుకుతాయి. వాటికి యాక్టివేషన్ గొడవే లేదు. బోర్డు ఎన్నిసార్లు మార్చినా "నువ్వెవరు" అనవు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి తెలుగువాళ్ళలో ఏళ్ళుగా ప్రచారం చేస్తోంది. కానీ మా తోడికోడలు వాడే ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుంది. అలాంటివాళ్ళకి వేరే దారి లేదు. తాళం ఉన్న ఇంట్లోనే ఉండాలి, అందుకే తాళంచెవి దగ్గర పెట్టుకోవాలి.

ఆమె చివరికి రీటెయిల్ లైసెన్సే కొంది. వేలల్లో అయింది. శ్రావణమాసం మిగులులో మంచి భాగం దానికే పోయింది. కానీ ఈసారి తన పేరున అకౌంట్ తెరిచి, తన ఫోన్ నంబరు ఇచ్చి, బిల్లు తన మెయిలుకి తెప్పించుకుంది. "మళ్ళీ బోర్డు పోయినా ఇది నాతోనే వస్తుందక్కా" అంది. ఆ "నాతోనే" అన్న మాటలో ఉన్న ధీమా చూసి నాకు ముచ్చటేసింది. ఆ ధీమా మొదటిసారి కొన్నప్పుడే రావాల్సింది. రెండుసార్లు డబ్బు పెడితే గానీ రాలేదు.

మీ ఇంట్లో కంప్యూటర్ గానీ ల్యాప్‌టాప్ గానీ ఉంటే, ఈ ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఒక పావుగంట దానికివ్వండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరవండి. విండోస్ 10 అయితే అప్‌డేట్ అండ్ సెక్యూరిటీలో ఉంటుంది. యాక్టివేట్ అయిందని ఉండి, "లింక్డ్ టు యువర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్" అన్న మాట కూడా ఉందేమో చూడండి. లేకపోతే అక్కడే అకౌంట్ కలిపేయండి. ఉంటే ఆ అకౌంట్ ఎవరి మెయిలో, ఎవరి ఫోనో అడగండి.

కొత్తది కొంటే బిల్లు మీద విండోస్ ఏ రకమో, ఓఈఎమ్మో రీటెయిలో, హోమో ప్రోనో రాయమనండి. రిపేరుకిస్తే "బోర్డు మారుస్తున్నారా? మారిస్తే లైసెన్సు సంగతేమిటి?" అని ముందే అడగండి. జవాబు నోటితో చెప్పించుకోకుండా కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితమూ, ఆ 48 అంకెలూ, ఆ మెయిలు పేరూ బంగారం రశీదులున్న పెట్టెలోనే పెట్టండి. ఇంట్లో అందరికీ ఆ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటుందో తెలుసు కదా.